కోర వేరు, నోరు వేరు



వానాకాలం నాట్లు పూర్తయి, పైరు పిలకలు వేసే వేళకు రెండు మూడు రోజులు ఈదురుగాలితో ముసురు పట్టిందనుకోండి. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి చుట్టుపక్కల శ్రీరాంసాగర్ ప్రాజెక్టు (ఎస్సారెస్పీ) కాలువ కింద వరి వేసినవాళ్లు ఆ తర్వాత పొలం గట్టు మీద నిలబడి ఆకుల కొసలు చూస్తారు. కొన దగ్గర మొదలైన పసుపు, అంచుల వెంబడి అలలు అలలుగా కిందికి దిగుతుంటుంది. నాలుగు రోజుల్లో అది ఎండుగడ్డి రంగుకు తిరుగుతుంది. పొద్దున్నే పోయి చూస్తే ఆ అంచు మీద పసుపుపచ్చని బంకబొట్లు కనిపిస్తాయి. ఎండెక్కితే గట్టిపడి రాలిపోతాయి. ఇదే బాక్టీరియా ఎండాకు తెగులు. అనుమానం ఉంటే ఒక పని చేయండి. మచ్చ ఉన్నచోట ఆకును అడ్డంగా కోసి, కోసిన కొస మునిగేటట్టు గాజు గ్లాసులో మంచినీళ్లలో పెట్టండి. కాసేపటికి కోతలోంచి పాలరంగు ధార సన్నగా నీళ్లలోకి దిగితే అది బాక్టీరియానే. దిగకపోతే పోషకాల లోపమో, ఇంకేదైనా తెగులో అయి ఉంటుంది.

ఆ ఆకు పట్టుకుని ఎరువుల దుకాణానికి పోతే చేతికి వచ్చేది సాధారణంగా ఒక చిన్న పొట్లం. అందులో ఉండేవి రెండు మందులు, స్ట్రెప్టోమైసిన్, టెట్రాసైక్లిన్. మొదటిది 1943లో అమెరికాలో మట్టిలోని సూక్ష్మజీవి నుంచి దొరికింది, క్షయ మీద పనిచేసిన మొట్టమొదటి యాంటీబయాటిక్. రెండోదాని కుటుంబంలో తొలి మందు ఆరియోమైసిన్ 1948లో లెడర్లే ప్రయోగశాల నుంచి బయటికి వచ్చింది. అక్కడ పరిశోధనలకు పెద్దగా ఉన్నది మన భీమవరం బిడ్డ ఎల్లాప్రగడ సుబ్బారావు. మనుషుల ప్రాణాలు నిలపడానికి వచ్చిన ఈ రెంటినీ మనం ఎకరాలకెకరాలు పొలాల మీద చల్లుతున్నాం.

చల్లితే పనిచేస్తుందా అంటే, నాకు తెలిసినంతలో అంతంతమాత్రమే. ఈ తెగులు క్రిమి ఆకు పైన కూర్చుని ఉండదు. ఆకు అంచున నీరు ఊరే సన్నని రంధ్రాల నుంచో, నాటేటప్పుడు నారు కొసలు తుంచిన గాయాల నుంచో లోపలికి దూరి, మొక్క నీళ్లు తాగే నాళాల్లో కాపురం పెడుతుంది. పైన కొట్టిన మందు అక్కడిదాకా చేరేది కొంచెమే. చేరవలసినదాన్ని వదిలి, మడిలోని నీళ్లలో, మట్టిలో ఉన్న ఏ పాపమూ ఎరగని సూక్ష్మజీవులకు మాత్రం తగులుతుంది. వాటిలో బతికి బట్టకట్టినవి ఆ మందును తట్టుకోవడం నేర్చుకుంటాయి. తాము నేర్చుకున్నదాన్ని పక్క క్రిములకు జన్యువుల రూపంలో అందిస్తాయి కూడా. ఇది గ్రహించే కేంద్ర వ్యవసాయ శాఖ 2021 డిసెంబరులో ఈ రెండు మందులను పంటల మీద వాడకుండా దశలవారీగా ఆపాలని ముసాయిదా ఉత్తర్వు తెచ్చింది.

మరి చంపకుండా క్రిమిని ఆపడం ఎట్లా? ఈరోజు నేను మాట్లాడదలచుకున్నది దాని గురించే. క్రిమి మనకు, మన పైరుకు, మన జీవాలకు చేటు చేసేది ఊరికే బతికి ఉన్నందుకు కాదు. ప్రతి రోగకారక క్రిమి దగ్గరా కొన్ని ప్రత్యేకమైన సరంజామాలు ఉంటాయి. విషం తయారుచేసేది ఒకటి, కణాన్ని కరిచి పట్టుకునేది ఒకటి, గోడను కరిగించేది ఒకటి, తోటి క్రిములకు కబురు పంపేది ఇంకొకటి. క్రిమిని దాని మానాన బతకనిచ్చి, ఆ సరంజామాను మాత్రం పనికిరాకుండా చేయడం ఒక వైద్య పద్ధతి. పాము కోరలు పీకి వదిలినట్టు. కొత్త ఆలోచనగా పత్రికల్లో రాస్తుంటారు కానీ, మనకు నూరేళ్లకు పైబడ్డ పరిచయం ఉంది దీనితో. ధనుర్వాతం సూదే దానికి ఉదాహరణ.

సిరిసిల్లలో సాంచ (మరమగ్గం) నడిపే మనిషికి చెయ్యి తెగినా, పొలంలో కొడవలి కాలికి తగిలినా పక్కవాళ్లు ముందు అడిగే మాట, "టీటీ సూది ఏయించుకున్నవా?" తుప్పు పట్టిన ఇనుము తగిలితేనే ధనుర్వాతం వస్తుందని ఒక నమ్మకం పాతుకుపోయింది. తుప్పుకు దీనితో సంబంధం లేదు. ధనుర్వాతం క్రిమి విత్తుల రూపంలో మట్టిలో, పెండలో ఏళ్లకేళ్లు నిద్రపోతుంది. గాలి తగలని లోతైన గాయం దొరికితే మేల్కొంటుంది. ముల్లు గుచ్చుకున్నా, కట్టెపేడు దిగినా అంతే.

ఆ గాయంలో అది పెద్దగా పెరగదు, ఒళ్లంతా పాకదు. ఒక విషాన్ని వదులుతుంది. గ్రామును వంద కోట్ల భాగాలు చేసి, మనిషి బరువు కిలోకు రెండు మూడు భాగాల చొప్పున లెక్కేస్తే చాలు, ప్రాణం తీసేంత విషం అయిపోతుంది. అది నరాల వెంట వెన్నుపాములోకి చేరి, కండరాలకు 'సడలు' అని చెప్పే సంకేతాన్ని బయటికి వదిలే ప్రొటీన్‌ను కత్తిరించేస్తుంది. ఆ సంకేతం ఆగిపోతే శరీరంలోని కండరాలు సడలలేక బిగుసుకుపోతాయి. ఒకసారి ధనుర్వాతం వచ్చి బతికి బయటపడ్డ మనిషికి కూడా రక్షణ రాదు, ఎందుకంటే మనిషిని చంపే ఆ మోతాదు శరీరం గుర్తుపట్టి ప్రతిరక్షకాలు తయారుచేసేంత కూడా కాదు. అంత చిన్నది.

1890లో బెర్లిన్‌లో జర్మనీకి చెందిన బేరింగ్, జపాన్‌కు చెందిన కిటసాటో ఒక సంగతి కనిపెట్టారు. ఈ విషాన్ని కొద్దికొద్దిగా ఎక్కించిన జంతువు రక్తంలో ఆ విషాన్ని పట్టి నిర్వీర్యం చేసే పదార్థం పుడుతుంది. డిఫ్తీరియాకు కూడా ఇదే వర్తిస్తుందని చూపించారు. 1920లలో ఫ్రాన్స్‌లో గాస్టన్ రామాన్ విషాన్ని ఫార్మలిన్‌తో, వేడితో మార్చి, రూపు మిగిలి చేవ చచ్చిన సరుకుగా చేశాడు. మన టీటీ సూదిలో ఉండేది అదే. దానికి క్రిమి ఊసే పట్టదు. సూది వేయించుకున్న మనిషి గాయంలో ఆ క్రిమి మేల్కోవచ్చు, పెరగొచ్చు, విషమూ వదలొచ్చు. ఆ విషం నరం దాకా చేరకముందే రక్తంలోని ప్రతిరక్షకాలు పట్టుకుంటాయి.

ఈ సూది మన ప్రాంతంలో ఏం చేసిందో చెప్పుకోవాలి. పాతరోజుల్లో కాన్పు ఇంట్లోనే. బొడ్డు కొయ్యడానికి కొడవలో, పాత బ్లేడో వాడేవాళ్లు. కొన్నిచోట్ల బొడ్డు మీద బూడిదో పెండో పెట్టేవాళ్లు. పుట్టిన వారానికి పాలు తాగలేక దవడలు బిగుసుకుపోయే పసిగుడ్లను చూసి, దిష్టి అనీ, గాలి సోకిందనీ అనుకునేవాళ్లు. కడుపుతో ఉన్న తల్లికి టీటీ వేస్తే ఆమె రక్తంలోని రక్షణ మాయ ద్వారా బిడ్డకు చేరుతుంది. ఆ సూదులతో, శుభ్రమైన బ్లేడుతో, దవాఖాన కాన్పులతో 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్, నవజాత శిశువుల ధనుర్వాతం నిర్మూలన సాధించినట్టు దేశంలో మొట్టమొదట నిర్ధారణ పొందిన రాష్ట్రం అయింది. జిల్లా జిల్లాలో వెయ్యి సజీవ జననాలకు ఒక్క కేసు కన్నా తక్కువ ఉండాలన్నది కొలబద్ద. అప్పటి కరీంనగర్ జిల్లాలోనే ఉన్నాయి జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల. దేశం మొత్తానికి ఆ ముద్ర పడింది 2015 మే నెలలో. పన్నెండేళ్ల ముందే మన ఏఎన్ఎమ్ అక్కలు ఊరూరూ తిరిగి చేసిన పని ఇది. దానికి దక్కాల్సినంత పేరు దక్కలేదని నా అభిప్రాయం.

జీవాల సంగతి ఒక్క మాటలో చెప్పి వరి దగ్గరికి వస్తాను. కోరుట్లలో పశువైద్య కళాశాల ఉంది, అక్కడి విద్యార్థులు ఇది నాకంటే బాగా చెప్తారు. తొలకరికి లేతగడ్డి మొలవగానే మందలో బాగా బలిసిన గొర్రెలే నిలబడ్డచోట నిలబడ్డట్టు పడి చచ్చిపోతాయి. గొల్లకురుమలు దాన్ని చిటుక రోగం అంటారు. గొర్రె పేగులో ఎప్పుడూ ఉండే ఒక క్రిమి, మేత ఒక్కసారి మారేసరికి విపరీతంగా పెరిగి విషం కక్కుతుంది. విచిత్రమేమంటే, ఆ విషం బయటికి వచ్చేటప్పుడు దాదాపు చేవ లేనిదే. గొర్రె పేగులో అరుగుదలకు పనికొచ్చే రసమే దాన్ని ఒకచోట కత్తిరించి పదును పెడుతుంది. వానలకు ముందు ఈ రోగానికి వేసే ఈటీ టీకా కూడా చేవ తీసిన విషమే. హైదరాబాద్ శాంతినగర్‌లోని పశు జీవ ఔషధ పరిశోధన సంస్థ ఇటువంటి టీకాలు తయారుచేస్తుంది. టీకా వేసిన గొర్రె పేగులో ఆ క్రిమి మునుపటిలాగే ఉంటుంది, మంద మాత్రం నిలుస్తుంది.

ఇక వరి.

జగిత్యాల దగ్గరి పొలాస వ్యవసాయ పరిశోధనా కేంద్రం అనగానే మన రైతుకు గుర్తొచ్చేవి జగిత్యాల సన్నాలు, పొలాస ప్రభ, మానేరు సోన వంటి రకాలు. ఆ కేంద్రానికి పేరు తెచ్చింది ఎక్కువగా ఉల్లికోడును తట్టుకునే రకాలు. ఉల్లికోడు పురుగు, క్రిమి కాదు. అయినా ఇక్కడ ఒక సంగతి గుర్తుంచుకోండి. ఉల్లికోడును తట్టుకునే రకం వేసినకొద్దీ, దాన్ని దాటగలిగే పురుగు పుడుతూ వచ్చింది. ప్రాంతానికొక తీరు ఉల్లికోడు ఉంది, జగిత్యాల దిక్కు ఉండేదాన్ని శాస్త్రవేత్తలు మూడో బయోటైప్ అని లెక్కించారు.

ఎండాకు తెగులుకు ఎక్కువగా లొంగేది మనం బీపీటీ అని పిలుచుకునే సాంబ మసూరి. 1986లో బాపట్ల నుంచి వచ్చింది. సన్నగింజ, రుచి, ధర, మూడూ ఉన్న బియ్యం కాబట్టి తెగులు వస్తుందని తెలిసీ వేస్తాం. హైదరాబాద్‌లో సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థలో రమేశ్ సొంటి బృందం ఈ తెగులు క్రిమిని ఏళ్ల తరబడి విప్పి చూసింది. వాళ్లు చేసింది ఒక రకంగా ఆయుధాల పంచనామా. ఒక్కొక్క జన్యువునూ చెడగొట్టి, ఆ క్రిమిని వరి ఆకులోకి పంపి, ఇప్పుడు తెగులు వస్తుందా రాదా అని చూశారు.

ఆ పంచనామాలో తేలినవి రసవత్తరంగా ఉంటాయి. ఈ క్రిమి ముందు మొక్క కణాల గోడను కరిగించే ఎంజైములు వదులుతుంది. అయితే గోడ పగిలిన సంగతి మొక్కకు తెలిసిపోతుంది. పగిలిన ముక్కలే దానికి ప్రమాద సూచన, వెంటనే రక్షణ మొదలుపెడుతుంది. ఆ రక్షణను నోరుమూయించడానికి క్రిమి సూదిలాంటి నిర్మాణంతో కొన్ని ప్రొటీన్లను నేరుగా కణంలోకి ఎక్కిస్తుంది. ఆ సూది లేకుండా చేసిన క్రిమి గోడను పగలగొట్టగలదు కానీ, మొక్కకు కోపం తెప్పించి తనే దెబ్బతింటుంది. 2002లో సుభదీప్ ఛటర్జీ, సొంటి ఇంకొకటి చూపించారు. ఈ క్రిములు ఒకదానికొకటి రసాయన కబుర్లు పంపుకుంటాయి, ఆ కబురు తయారుచేసే జన్యువును తీసేస్తే తెగులు పుట్టించే శక్తి తగ్గిపోతుంది, ఇనుము కరువైనచోట సరిగ్గా పెరగలేకపోతుంది కూడా.

కణంలోకి ఎక్కించే ఆ ప్రొటీన్లలో ఒకటి చేసే పని వింటే ఆశ్చర్యం వేస్తుంది. అది తిన్నగా వరి కణం కేంద్రకంలోకి పోయి, చక్కెరను కణం బయటికి పంపే వరి జన్యువు ముందున్న ఒక ప్రత్యేకమైన చోటును గుర్తుపట్టి అక్కడ అతుక్కుని, ఆ జన్యువును పని చేయించడం మొదలుపెడుతుంది. మొక్క తన చక్కెరను తానే బయటికి పోసుకుంటుంది, క్రిమి తింటుంది. మన పైరు ఎండలో కష్టపడి చేసుకున్న చక్కెర అది.

కొన్ని వరి రకాల్లో పుట్టుకతోనే ఆ జన్యువు ముందున్న చోటు కొద్దిగా వేరుగా ఉంటుంది. క్రిమి పంపిన ప్రొటీన్ వచ్చి వెతుక్కుంటుంది, తను అతుక్కోవాల్సిన చోటు కనబడదు, చక్కెర బయటికి రాదు. ఇట్లా తేడా ఉన్న జన్యువును ఎక్స్ఏ13 అంటారు. ఎక్స్ఏ5 అనే ఇంకొక తేడా, ఆ ప్రొటీన్ పని మొదలుపెట్టడానికి ఆసరాగా పట్టుకునే వరి ప్రొటీన్‌లో ఉంటుంది. అందులో ఒక్క అమైనో ఆమ్లం మారితే పట్టు దొరకదు. మూడోది ఎక్స్ఏ21, ఆఫ్రికాలోని మాలి దేశపు అడవివరి నుంచి వచ్చింది. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థలో గురుదేవ్ ఖుష్ బృందం దాన్ని ఏళ్ల తరబడి మామూలు వరిలోకి సంకరం చేసింది. 1995లో కాలిఫోర్నియాలో పమేలా రోనాల్డ్ బృందం ఆ జన్యువును విడదీసింది. ఇది కణం పైన కాపలా ఉండి, క్రిమి వదిలే ఒక చిన్న ప్రొటీన్ ముక్కను పసిగడుతుంది. ఆ ముక్క మొక్క సొంత పెరుగుదల సంకేతాన్ని అనుకరించేదని 2015 తర్వాత తెలిసింది. అంటే మారువేషంలో వచ్చినవాణ్ని ఆ వేషంతోనే పట్టుకోవడం.

సీసీఎంబీ బృందం, రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంస్థలో ఆర్.ఎం. సుందరం తదితరులు కలిసి ఈ మూడింటినీ సాంబ మసూరిలోకి తెచ్చారు. బయటి జన్యువును ప్రయోగశాలలో చొప్పించి కాదు. మామూలు సంకరంతోనే, ప్రతి తరంలో డీఎన్ఏ గుర్తులు చూసి కావలసిన మొక్కలను ఏరుకుంటూ. 2008లో విడుదలైన ఆ రకమే మెరుగుపరచిన సాంబ మసూరి. గింజ సన్నదనం, అన్నం రుచి పాతదానిలాగే ఉన్నాయి. దాని గ్లైసీమిక్ సూచిక 50కి దగ్గరగా ఉందని కూడా తేలింది, అంటే చక్కెర జబ్బు ఉన్నవాళ్లకు మామూలు తెల్ల బియ్యం కన్నా కొంచెం మేలు. పొలంలో ఎక్కడా మందు చల్లలేదు, క్రిమి చావలేదు. ఆకులోకి వచ్చినా దానికి పని సాగదు.

ఇక్కడే నాకు ఒక పేచీ ఉంది. చేటు చేసే సరంజామాను తీసేస్తే క్రిమి మందులకు ఎదురుతిరగదు, ఎందుకంటే దాని ప్రాణానికి ముప్పు లేదు కదా అని వ్యాసాల్లో, ఉపన్యాసాల్లో తరచుగా వింటాం. సగం నిజం. ధనుర్వాతం సూది వచ్చి దాదాపు వందేళ్లయింది. దాన్ని తప్పించుకునే ధనుర్వాతం క్రిమి ఈనాటి వరకు రాలేదు. ఎందుకంటే గాయపడ్డ మనిషి ఆ క్రిమికి దారి తప్పి దిగిన ఊరు. దాని సంసారమంతా మట్టిలో, పశువు పేగులో. మనిషి బతికితే దానికి వచ్చే నష్టం లేదు, చస్తే వచ్చే లాభం లేదు. విషాన్ని మార్చుకోవలసిన అవసరమే రాదు.

వరి క్రిమి కథ అది కాదు. అది ఎక్కించే ప్రొటీన్ దానికి చక్కెర తెచ్చిపెట్టేది, అంటే దాని తిండి. తిండి ఆపితే ఊరుకుంటుందా? ఎక్స్ఏ13 ఉన్న వరిని దాటడానికి ఈ తెగులు క్రిముల్లో కొన్ని తెగలు వేరే ప్రొటీన్ వాడి, అదే కుటుంబంలోని ఇంకో చక్కెర జన్యువును లేపడం నేర్చుకున్నాయి. ఎక్స్ఏ21 ఒక్కటే ఉన్న రకాలను దాటే క్రిములు కూడా కనిపించాయి. పాము కోర తీసినప్పుడు అది ఊరుకుంటుంది, నోరు కట్టినప్పుడు ఊరుకోదు. కోర వేరు, నోరు వేరు. కాబట్టి కొత్త మందు గురించో కొత్త రకం గురించో విన్నప్పుడు నేను వేసే ప్రశ్న ఒకటే, వీళ్లు తీసింది కోరనా, నోటినా? నోరైతే ఒక్క దారి మూసి కూర్చుంటే కుదరదు. మూడు దారులూ ఒకేసారి మూయాలి. మెరుగుపరచిన సాంబ మసూరిలో మూడు జన్యువులు ఒకేచోట పెట్టడం అందుకే. మూడింటినీ ఒకేసారి దాటేలా క్రిమి మారడం చాలా కష్టం, అసాధ్యం మాత్రం కాదు. అందుకని కొత్త కొత్త చోట్ల నుంచి తెగులు ఆకులు తెప్పించి చూడటం ఆపకూడదు. మూడో బయోటైప్‌ను చూసిన జగిత్యాల రైతుకు ఇది వేరే చెప్పనక్కర్లేదు.

మనుషుల రోగాల్లో ఈ లెక్క ఇంకా తేలవలసి ఉంది. కలరా విషాన్ని 1959లో కలకత్తాలో శంభునాథ్ దే కనిపెట్టారు. 2005లో హార్వర్డ్‌లో ఒక రసాయనం దొరికింది, కలరా క్రిమిని చంపదు, విషం తయారు చేయడాన్నీ, పేగును పట్టుకోవడాన్నీ ఆపుతుంది. పత్రికలు గొప్పగా రాశాయి. కానీ పేగును పట్టుకోవడం క్రిమికి ఇల్లు కట్టుకోవడం లాంటి అవసరం, తిండికి దగ్గరి సంగతి. ఆ రసాయనానికి లొంగని తెగలు సహజంగానే ఉన్నట్టు తేలింది, మందుగా మారలేదు. పెద్దాసుపత్రుల్లో యాంటీబయాటిక్స్ ఎక్కువై పేగు క్రిములు చెదిరిపోయిన రోగులకు వచ్చే ఒక విరేచనాల రోగానికి, విషాన్ని పట్టే మందును 2016లో అమెరికా అనుమతించింది. రోగం తిరగబెట్టడం తగ్గించింది. 2025 జనవరిలో కంపెనీ అమ్మడం ఆపేసింది, వ్యాపార నిర్ణయమని. క్రిమి ఓడించలేదు దాన్ని, బజారు ఓడించింది. రోగం వచ్చినప్పుడు కొద్దిమందికి ఒక్కసారి వాడే ఖరీదైన మందు కంటే, అందరికీ ముందే వేసే చవక సూదికి ప్రభుత్వం ఆసరా ఉంటుంది. నిలిచేది అదే.

ఇదంతా విని, యాంటీబయాటిక్ వద్దనుకోకండి. ధనుర్వాతం వచ్చి దవాఖానలో చేరిన మనిషికి కూడా విషాన్ని పట్టే ఇమ్యునోగ్లోబులిన్ ఇస్తారు, గాయం కోసి శుభ్రం చేస్తారు, మెట్రోనిడజోల్ కూడా ఇస్తారు, కొత్త విషం తయారుకాకుండా. నరంలోకి ఎక్కేసిన విషాన్ని మాత్రం ఏ సూదీ వెనక్కి తీయలేదు. అందుకని ముందే వేయించుకోవాలి. ఇప్పుడు టీటీ స్థానంలో టీడీ ఇస్తున్నారు, ధనుర్వాతంతో పాటు డిఫ్తీరియా రక్షణ కూడా కలిపి. పదో ఏట ఒకటి, పదహారో ఏట ఒకటి పిల్లలకు, కడుపుతో ఉన్న తల్లికి గర్భం నిలిచిందని తెలిసిన వెంటనే. సాంచ మీద పనిచేసేవాళ్లు, పొలం పని చేసేవాళ్లు, జీవాల వెంట తిరిగేవాళ్లు పదేళ్లకోసారి మళ్లీ వేయించుకోవాలి. మీ ఊరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అడగండి. ఇంట్లో పెద్దవాళ్లకు చివరిసారి ఎప్పుడు పడిందో కూడా కనుక్కోండి.